ఖాదర్ భాయ్ బకెట్ బ్యాచ్

పోయిన శుక్రవారం రియాద్‌లోని బతా బజారులో, మావాళ్ళంతా తినే మెస్‌లో, పప్పు కలుపుకుంటుండగా నాకు చేపల వాసన తగిలింది. ఈ రోజు కూర ఏమిటని వడ్డించే అతన్ని అడిగాను. కోడికూర అన్నాడు. పొద్దున చేపలేమైనా కడిగారా అంటే అదీ లేదన్నాడు. కంచం ముందు నుంచి లేచాను. నాతో వచ్చినవాళ్ళు, ఇతనికి మళ్ళీ మొదలైందన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని, ఎడమ చెయ్యి వెనకభాగాన్ని గోడకు ఆనిస్తూ ఒక్కొక్క ప్లగ్గు దగ్గరా ఆగుతూ పోయాను. ఫ్రిజ్ వెనక ప్లగ్గు రంగు మారి, ఒక మూల మెత్తబడి ఉంది. కరెంటు ప్లగ్గు లోపల కాలడం మొదలైతే అచ్చం ఎండుచేపల వాసన కొడుతుంది. మెస్ యజమాని మెయిన్ ఆపి, నుదుటి చెమట తుడుచుకుని, నీది మామూలు ముక్కు కాదన్నాడు. ఈ ముక్కు ఇంకొకరు పెట్టింది అని చెప్పబోయి ఊరుకున్నాను. చెప్పడం మొదలుపెడితే అన్నం చల్లారిపోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఖాదర్ భాయ్‌ది రాయచోటి. నాది జగిత్యాల వైపు ఒక పల్లె, పేరు గంగారాం, పని ఏసీ మెకానిక్. మేమిద్దరం కలిసింది ఈ దేశంలోనే. రాబిగ్ దగ్గర సముద్రాన్ని వెనక వదిలేసి చాలాసేపు లోపలికి పోతే ఒక చిన్న బస్తీ వస్తుంది. నాలుగు వర్క్‌షాపులు, ఒక పెట్రోలు బంకు, రెండు కిరాణా కొట్లు, ఒక మసీదు, ఆ పక్కన మా కంపెనీ కార్మికుల క్యాంపు. దాన్ని ఊరనడం మా గొప్పే గానీ, అక్కడ బతికిన మాకు అదే ఊరు. ఖాదర్ భాయ్ ఆ ఊరికి మంచినీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు. యాభై దాటిన మనిషి, సన్నటి గడ్డం, ఎవరు పలకరించినా ముందు వాళ్ళ చేతుల వైపు చూసి తర్వాత మొహం వైపు చూసే అలవాటు. మొదటిసారి నా చేతులు అలా చూసినప్పుడు, ఈయన నన్ను దొంగ అనుకుంటున్నాడని నాకు చిర్రెత్తుకొచ్చింది. సిగరెట్టు కోసం చూస్తాడని తర్వాత తెలిసింది.

మా ఊరికి అగ్నిమాపక కేంద్రం లేదు. ఫోన్ చేస్తే పట్నం నుంచి బండి బయలుదేరేది, వాళ్ళు ఎంత తొందరగా వచ్చినా దారి పొడవు దారి పొడవే. నేను రాకముందు ఒక టైర్ల కొట్టు తగలబడిందట. బండి వచ్చేసరికి ఆర్పడానికి ఏమీ మిగల్లేదట. ఆ మర్నాడు ఖాదర్ భాయ్ మా క్యాంపు చూసే ముదీర్ దగ్గరికి, అంటే మేనేజరు దగ్గరికి వెళ్ళి, పని అయ్యాక తీరిక వేళల్లో జీతం లేకుండా మంటలార్పే జట్టు ఒకటి పెట్టుకుంటామని అడిగాడని కొందరంటారు. ముదీరే పిలిచి ఆయన నెత్తిన రుద్దాడని ఇంకొందరంటారు. రెండు మాటలనూ నేను నమ్మలేదు. ఒక మనిషి ఊరికే మంచిపని చేశాడంటే మొదట్నుంచీ నాకు నమ్మకం కలగదు, నేను కాస్త అనుమానప్పక్షిని. ఏమైతేనేం, జట్టు పుట్టింది. బకెట్లు, ఇసుక, ఒక పాత పంపు, రేకుల షెడ్డు, దాని ముందు ఖాదర్ భాయ్ ట్యాంకర్. క్యాంపు వాళ్ళు మురిపెంగానూ వెక్కిరింతగానూ దానికి బకెట్ బ్యాచ్ అని పేరు పెట్టారు.

మురిపెం కన్నా వెక్కిరింతే ఎక్కువ. ఎందుకంటే ఖాదర్ భాయ్ మీద క్యాంపుకు రెండు అనుమానాలు ఉండేవి. మొదటిది, ఆయన నీళ్ళు దొంగిలిస్తాడని. క్యాంపు ట్యాంకులో నీళ్ళు పోశాక కూడా ఆయన ట్యాంకర్ అడుగున కొంత మిగుల్చుకునేవాడు. దాన్ని ఎడారిలో గొర్రెలు కాసేవాళ్ళకు అమ్ముకుంటాడని నిర్మల్ వైపు నుంచి వచ్చిన రాజయ్య అనే పెద్ద వడ్రంగి అందరికీ చెప్పేవాడు. రాజయ్య మాటకు మా దగ్గర విలువ ఉండేది. ఒక సాయంత్రం, పొద్దు ఉండగానే, నేను ట్యాంకర్ వెనక నిచ్చెన ఎక్కి మూత తీసి లోపలికి చూశాను. నిజంగానే నీళ్ళున్నాయి. దిగబోతుంటే కింద ఖాదర్ భాయ్ నిలబడి ఉన్నాడు.

"ఉండాయా?" అని అడిగాడు.

పట్టుబడ్డవాణ్ణి నేనో ఆయనో నాకు అర్థం కాలేదు. ఉన్నాయని చెప్పి, మా ట్యాంకులో ఎందుకు పొయ్యలేదని నిలదీశాను.

"రేపు యాడన్నా కాల్తే దేంతో ఆర్పల్లప్పా? ఇది మంటకు పెట్టిన నీళ్ళు," అన్నాడు. నేను తలూపి దిగాను. ఆయన నన్ను పోనివ్వలేదు. "నేను చెప్తానే నమ్మేసినావే. రేపు గూడా ఎక్కి చూడు. అమ్ముకునేటోడైతే రేపటికి ఉండవు గదా."

మర్నాడు ఎక్కాను. ఆ మర్నాడూ ఎక్కాను. వారం రోజులు ఎక్కాక సిగ్గేసి మానేశాను. మానేసిన రోజు ఆయనే నా గది ముందుకొచ్చి, ఈ పొద్దు చూడలేదేమని అడిగాడు. ఆ తర్వాత, నమ్మేవాళ్ళు తన దగ్గర చాలామంది ఉన్నారని, అనుమానించేవాడు ఒకడు కావాలని, బ్యాచ్‌లో చేరమని అన్నాడు. అది పొగడ్తో ఎత్తిపొడుపో ఇవాళ్టికీ నేను తేల్చుకోలేదు. చేరాను.

రెండో అనుమానం ఇంకా పెద్దది. ఆయన ముదీర్ గూఢచారి అని. క్యాంపు గదుల్లో వండుకోవడం నిషేధం. అయినా మెస్ కూడు నోటికి పట్టక ఎవరో ఒకరు హీటరు మీద చారో కూరో పెట్టుకునేవాళ్ళు. పైకప్పుకు ఉండే పొగ డబ్బా కూత పెట్టకుండా దానికి రబ్బరు గ్లౌజు తొడిగేవాళ్ళు. ఏ గదిలోకి వెళ్ళి తలెత్తినా అయిదు వేళ్ళూ కిందికి వేలాడుతూ ఆవు పొదుగులా కనిపించేది. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఖాదర్ భాయ్ బ్యాచ్‌ను వెంటబెట్టుకుని గది గదికీ తిరిగేవాడు. చెయ్యి వెనకభాగంతో ప్లగ్గులు తాకేవాడు, ఎండుచేపల వాసన వస్తోందేమో చూడమని మాకు చెప్పేవాడు. వరండాలోని మంటలార్పే ఎర్ర సిలిండర్లను ఒక్కొక్కటీ గోడ నుంచి దించి, చేత్తో ఎత్తి బరువు చూసి మళ్ళీ తగిలించేవాడు. కరెంటు మంటలకు వాడే గ్యాసు సిలిండర్లకు కొలత చూపే ముల్లు ఉండదు, లోపల గ్యాసు ఉందో లేదో బరువును బట్టే తెలియాలి. చివరకు కుర్చీ ఎక్కి గ్లౌజు ఊడదీసి, చక్కగా మడిచి, గదివాళ్ళ చేతిలో పెట్టేవాడు. తిట్టేవాడు కాదు. అదే వాళ్ళకు మరీ కడుపుమంట.

ఒకసారి ఆయన తిరిగిన రెండు రోజులకే ముదీర్ మనుషులు వచ్చి హీటర్లు పట్టుకుపోయారు. నాకూ అనుమానం వచ్చింది. ట్యాంకర్‌లో పక్కన కూర్చున్నప్పుడు, ముదీర్‌కు నువ్వే చెప్పావా భాయ్ అని అడిగేశాను. ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, తను చెప్పలేదన్నాడు. అయినా చెప్పినవాడు చెప్పానని ఒప్పుకుంటాడా, నా మాట పట్టుకుని ఏం చేస్తావు, నువ్వే విచారించుకో అన్నాడు. నేను విచారించాను. హీటర్ల సంగతి క్యాంపు జనరేటర్ తాగే డీజిల్ లెక్క చూసి ఆఫీసువాళ్ళే పసిగట్టారని తెలిసింది. ఆ మాట చెప్తే ఖాదర్ భాయ్ సంతోషించలేదు, విచారించినందుకు మాత్రం భుజం తట్టాడు.

ఆ మనిషిలో నాకు అంతుపట్టనిది ఇదే. ఇంట్లో తలుపుకు గడియ పెట్టావా అని మా అన్న రెండోసారి అడిగితే నాకు ఒళ్ళు మండేది. నా మాటంటే లెక్క లేదా అని రోజంతా మూతి ముడుచుకునేవాణ్ణి. ఈయన్ని ఊరంతా అనుమానిస్తుంటే, రండి, బాగా చూడండి అని ట్యాంకర్ మూత తీసి చూపించేవాడు. అనుమానం ఆయనకు అవమానం కాదు, మంట రాకుండా చేసే పనుల్లో అదొకటి. నేను అనుమానించేది మనుషుల్ని. ఆయన అనుమానించేది ప్లగ్గుల్ని, పైపుల్ని, సిలిండర్లని, వాటితో పాటే తనని. అది తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ ఏడు ఎండాకాలంలో మా ఊళ్ళో వరసగా చిన్న చిన్న మంటలు లేచాయి. బట్టలుతికే గదిలో ఒకటి, వర్క్‌షాపు వెనక అట్టపెట్టెల్లో ఒకటి, టీకొట్టు పందిరికి ఒకటి. ప్రతిసారీ అందరికన్నా ముందు ఖాదర్ భాయ్ ట్యాంకరే అక్కడ ఉంది. ఆర్పాక చప్పట్లు కొట్టినవాళ్ళే తర్వాతి రోజు గుసగుసలాడుకున్నారు. అంత తొందరగా ఎట్లా వస్తాడు, ముందే తెలుసా? రాజయ్య ఇంకో అడుగు ముందుకు వేసి, అంటించేదీ ఆర్పేదీ ఒకడేనని తేల్చేశాడు. ఆ మాట ముదీర్ చెవిదాకా పోయింది. అంటించాడని రుజువైతే ఇంటికి పంపడంతో ఆగదు, జైలు. ఖాదర్ భాయ్ తినేటప్పుడు ఆయన బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. నేను కూర్చునేవాణ్ణి గానీ, నిజం చెప్పాలంటే నమ్మి కూర్చోలేదు, కనిపెట్టడానికి కూర్చున్నాను. ఆయనకూ అది తెలుసు. సెలవు రోజంతా నా పక్కనే ఉండు, యాడికి పోతానో చూడు అని తనే పిలిచాడు. ఆయన వెంట తిరిగి నేను కనిపెట్టింది ఒకటే, ఆయన ట్యాంకర్‌ను ఎప్పుడూ గేటు వైపు మూతి పెట్టి నిలిపేవాడు, దాని ముందు సైకిల్ కూడా పెట్టనిచ్చేవాడు కాదు. అట్టపెట్టెల మంట వెల్డింగు నిప్పురవ్వ నుంచి వచ్చిందని, ఉతికే గదిలోది ఎవరో ఆపకుండా వదిలేసిన ఇస్త్రీపెట్టె అని మేమిద్దరం తిరిగి తిరిగి తేల్చాం. టీకొట్టు పందిరి సంగతి తేలలేదు. తేలని దానికి కారణం కల్పించవద్దని ఆయన గట్టిగా చెప్పాడు.

అసలు మంట ఆ తర్వాత వచ్చింది.

శుక్రవారం గదులు తిరిగాక బ్యాచ్ అంతా షెడ్డు దగ్గర చేరి పంపు నడిపి, గొట్టాలు విప్పి చుట్టి, కాసేపు కసరత్తు చేసేది. అది అయ్యేసరికి నాలుకలు పిడచకట్టుకుపోయేవి. అప్పుడు బ్యాచ్‌లో అందరికన్నా చలాకీ అయిన లింగం అనే, పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పనివాడు బకెట్లో నుంచి కూల్‌డ్రింకు సీసాలు తీసి పంచేవాడు. పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండేవి. ఐసు మెస్ నుంచి తెచ్చానని చెప్పేవాడు. మేం అడగలేదు. ఖాదర్ భాయ్ కూడా అడగలేదు. సీసాను మెడకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని, అల్లా పేరు తలచుకుని తాగేవాడు. ఆయన మొహంలో అనుమానం లేని వేళ నేను చూసింది అదొక్కటే.

అలాంటి ఒక శుక్రవారమే, మధ్యాహ్నం భోజనాలు ముగుస్తుండగా, మెస్ వెనక కరెంటు బోర్డుల గదిలో నుంచి పొగ వచ్చింది. కరెంటు మంట మీద నీళ్ళు కొట్టకూడదు. ఖాదర్ భాయ్ షెడ్డుకు పరుగెత్తి బ్యాచ్ గ్యాసు సిలిండర్ ఒకటి తెచ్చి, పిన్ను లాగి నొక్కాడు. ఉస్సుమని ఒక్క ఊపిరి, అంతే. రెండోది తెచ్చాం, అదీ అంతే. గదుల వరండాలోవి దూరం, తెచ్చేంత వ్యవధి లేదు. జనరేటర్ ఆపమని ఆయన నాకు సైగ చేశాడు, నేను పరుగెత్తాను. నేను వెళ్ళి ఆపేలోపు మంట పైకప్పుకు పాకింది. వంటింట్లో వంటగ్యాసు కట్టెయ్యడానికి వెళ్ళిన బంగ్లాదేశ్ వంటవాడు షఫీక్ చేతులు మోచేతుల దాకా కాలాయి. కరెంటు పోయాక ట్యాంకర్ నీళ్ళతోనే మిగతాది ఆర్పాం. షఫీక్ బతికాడు. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాడు గానీ, కుడిచేతి వేళ్ళు ముందులా ముడుచుకోవు.

మంట ఆరిన తర్వాత ఖాదర్ భాయ్ షెడ్డులోకి వెళ్ళి మా సిలిండర్లు ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. అన్నీ తేలిక. మేం వాకిట్లో నిలబడ్డాం. ఊళ్ళో ప్రతి సిలిండర్‌నూ ప్రతి శుక్రవారం ఎత్తి చూసే మనిషి, షెడ్డులోవి మాత్రం ఏనాడూ ఎత్తలేదు. ఎవరూ ఏమీ అనకముందే లింగం నేల మీద కూలబడ్డాడు. తడిగోనె కప్పిన బకెట్లో సీసాలు పెట్టి ఆ గ్యాసు కొడితే నిమిషంలో చల్లబడతాయని ఎవరో నేర్పారట. వారం వారం కొంచెం కొంచెం.

"సల్లగుంటే మీరందరు మంచిగ తాగుతరని చేసిన భాయ్. అయిపోతదనుకోలే," అని ఏడ్చాడు.

ఖాదర్ భాయ్ అతన్ని కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఖాళీ సిలిండర్‌ను పసిబిడ్డను దించినట్టు నేల మీద పెట్టాడు.

"మనయి గదా అని నేను ఎత్తి చూడలా," అన్నాడు. "ఊరందరివీ చూసినాను. మనయి చూడలా."

ముదీర్ ముందు కూడా ఆయన అంతకు మించి చెప్పలేదు. సిలిండర్లు తన అధీనంలో ఉన్నాయి, ఖాళీ అయిన సంగతి తను చూసుకోలేదు, తప్పు తనది. ఎవరు ఖాళీ చేశారంటే నోరు విప్పలేదు. ముదీర్ చెడ్డవాడు కాదు గానీ, పైవాళ్ళకు ఒక పేరు చెప్పాలి. ఖాదర్ భాయ్‌కి ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు, అంటే వీసా రద్దు చేసి శాశ్వతంగా ఇంటికి పంపడం. మేమంతా కలిసి వెళ్ళి నిజం చెప్తామంటే ఆయన ఒప్పుకోలేదు. బ్యాచ్ మొత్తాన్ని పంపేస్తే రేపు మంట లేస్తే ఉరికేవాడు ఎవడని అడిగాడు. క్యాంపులో మాత్రం, దొంగ దొరికాడు, అంటించినందుకే పంపుతున్నారు అనుకున్నారు. ఆ మాట ఆయన ఊరిదాకా పోతుంది. మా దగ్గర పుట్టిన ఏ మాటైనా ఫోన్లలో రాయచోటి చేరడానికి పూటకన్నా ఎక్కువ పట్టదు. ఎగ్జిట్ కన్నా నాకు అదే మింగుడు పడలేదు. ఏ మనిషినీ నిప్పుకు బలి కానివ్వనని తిరిగిన మనిషి, నిప్పు పెట్టినవాడుగా ఇల్లు చేరడం.

ఆయన వెళ్ళేముందు వచ్చిన శుక్రవారం, కాలిన మెస్ పక్కన వేసిన టెంటులో అందరూ తింటుండగా నేను లేచి నిలబడ్డాను. లింగం నా పక్కన లేచాడు, తర్వాత మిగతావాళ్ళూ. సిలిండర్లు ఖాళీ చేసింది బకెట్ బ్యాచ్ అని, కూల్‌డ్రింకులు చల్లబరుచుకుని మేమే తాగామని, ఖాదర్ భాయ్‌కి ఆ సంగతి తెలియదని, ఏ మంటా ఆయన అంటించలేదని చెప్పాను. ఎవరి కళ్ళూ చెమర్చలేదు. ఆయన్ని కాపాడడానికి కట్టుకథ చెప్తున్నారని ఎవరో అన్నారు. రాజయ్య తింటున్న కంచం పక్కన పెట్టి లేచాడు. నా మొహం వైపు చూడలేదు. టెంటు గుంజకు మేం కొత్తగా తగిలించిన సిలిండర్ దగ్గరికి వెళ్ళి, దాన్ని దించి, చేత్తో ఎత్తి బరువు చూశాడు. మళ్ళీ తగిలించి వచ్చి కూర్చుని తినడం మొదలుపెట్టాడు. ఆయన తర్వాత ఇంకొకరు లేచారు.

విషయం ముదీర్‌కు తెలిసింది. పిలిచి ఎవరని అడిగితే అందరం అన్నాం. ఆయన మమ్మల్ని ఉంచాడు, ఎగ్జిట్ మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఖాదర్ భాయ్ వెళ్ళిపోయాడు. షెడ్డు తాళం నా చేతిలో పెట్టి, ముందు మనయి ఎత్తి చూడు అన్నాడు, అంతే. ఆ తర్వాత మా క్యాంపులో ఒక కొత్త అలవాటు పుట్టింది. శుక్రవారం మెస్‌కు వచ్చేవాళ్ళు దారిలో మా షెడ్డు దగ్గర ఆగి, మా సిలిండర్లు ఎత్తి చూసి పోయేవాళ్ళు. మమ్మల్ని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. మొదట్లో నాకు తల కొట్టేసినట్టుండేది. కొన్నాళ్ళకు, ఎవరూ ఎత్తి చూడని వారం గుబులుగా ఉండేది.

కొన్ని నెలల తర్వాత ఒక శుక్రవారం షెడ్డు ముందు నిలబడి ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేశాను. ఇంటి దగ్గర బాగానే ఉన్నానన్నాడు. నిప్పు మాట అక్కడిదాకా వచ్చిందా అని అడగలేకపోయాను. షఫీక్ చెయ్యి ఎలా ఉందని అడిగాడు, చెప్పాను. ఊరంతా వచ్చి మా సిలిండర్లు ఎత్తి చూసి పోతున్న సంగతి కూడా చెప్పాను. 

"బరువుగా ఉండాయా?" అన్నాడు.

"ఉన్నయ్ భాయ్. నేనే పొద్దుగాల ఎత్తి చూసిన."

"నీ మాట నేనెట్ల నమ్మేదప్పా? నువ్వు మనోడివి. బయటోళ్ళు ఎవరన్నా ఉంటే ఫోనియ్యి."

షెడ్డులో అప్పుడు సిలిండర్ ఎత్తుతున్నది రాజయ్య. ఫోన్ ఆయన చేతికిచ్చాను. అవతల ఎవరో తెలిశాక ఆయన సిలిండర్‌ను ఇంకోసారి ఎత్తి చూశాడు. అప్పుడు, "బరువుగనే ఉన్నయ్, ఖాదర్ భాయ్," అన్నాడు. ఆయన నోట భాయ్ అన్న మాట నేను వినడం అదే మొదలు.

ఇప్పుడు రియాద్‌లో నా కింద పదిమంది పనిచేస్తారు. నేను బిగించిన వైరును వాళ్ళలో ఎవరైనా వెనక నుంచి వచ్చి మళ్ళీ లాగి చూస్తే నాకు కోపం రాదు. నా మీద నమ్మకంతో ఎవరూ చూడకుండా వదిలేసిన రోజే నాకు నిద్ర పట్టదు.